ప్లగ్ నా దగ్గరే ఉంది

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. వాటిని నమ్మేవాళ్ళంటే మాత్రం విసుగు. నలుగురు కూర్చున్నచోట ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే, నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకునే రకం నేను. పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం కార్ల బ్యాటరీలను పరీక్షించడం. మీటర్ పెడితే ఒక అంకె వస్తుంది, ఆ అంకెని నమ్ముతాను. నాకు తెలిసిన వేదాంతం అంతే.

ఇప్పుడు ఇది రాస్తున్నానంటే కొత్తగా నమ్మకం కుదిరిందని అనుకోకండి. ఒక అంకె నాకు ఎంతకీ తేలడం లేదు.

మేముండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా అన్నయ్య వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. అన్నయ్య, వదిన ఇద్దరే ఉండేవారు. పిల్లలు లేరు. కిందటేడు అక్టోబర్‌లో ఒక శనివారం మేం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాలి. పులిహోరలోకి కరివేపాకు లేదని పొద్దున్నే అన్నయ్య ఇండియన్ స్టోర్‌కి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఎప్పటిలాగే "వెళ్ళొస్తా" అన్నాడట. "వెళ్తున్నా" అనడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పొరపాటున అంటే మా అమ్మ వెనక్కి పిలిచి మరీ మాట మార్పించేది.

స్టోర్ వాళ్ళింటికి సరిగ్గా నాలుగు మైళ్ళు. అన్నయ్య అక్కడిదాకా వెళ్ళాడు, పార్క్ చేశాడు, దిగలేదు. సీట్లోనే గుండె ఆగిపోయింది.

అది హైబ్రిడ్ కారు. ఆన్‌లో ఉన్నా చాలాసేపు చప్పుడు చేయదు. బయటినుంచి చూసేవాళ్ళకి ఆపేసిన కారుకీ దానికీ తేడా తెలియదు. దాదాపు రెండు గంటలపాటు జనం ఆ పక్కనుంచే బియ్యం సంచులు మోసుకుంటూ పోయారు. ఎవరో పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు.

ఆలోపు వదిన మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తకపోయేసరికి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక మెసేజ్ పెట్టింది: "రెండు ప్యాకెట్లు తీసుకురండి." మా అన్నయ్య ఏది తెమ్మన్నా ఒక్కటే తెచ్చే మనిషి. దానిమీద మేమందరం ఆయన్ని ఆటపట్టించేవాళ్ళం. హాస్పిటల్‌లో అన్నయ్య ఫోన్ నా చేతికిచ్చారు. ఆ మెసేజ్ ఇంకా తెరవకుండా స్క్రీన్ మీదే ఉంది. డాక్టర్ చెప్పిన టైమ్‌ని బట్టి చూస్తే, అది వచ్చేసరికే అన్నయ్య పోయి గంట దాటింది.

వదినకి డ్రైవింగ్ రాదు. ఈ ఊళ్ళో డ్రైవింగ్ రాకపోతే కాళ్ళు లేనట్టే. పాల క్యాన్ కూడా ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. ఈ సమ్మర్‌లో నేర్పిస్తా, వచ్చే సమ్మర్‌లో నేర్పిస్తా అంటూ అన్నయ్య ఏళ్ళు దాటించాడు. వదిన ఒక డేకేర్‌లో పనిచేస్తుంది, రోజూ అన్నయ్యే దింపి వచ్చేవాడు. మే నెలాఖరు దాకా ఉద్యోగం ఉంచుతామని డేకేర్ వాళ్ళు చెప్పారు. అప్పటికి తనంతట తాను వెళ్ళి రాగలిగితే ఈ ఇల్లు, ఈ ఉద్యోగం నిలుస్తాయి. లేకపోతే ఇల్లు అమ్మేసి టెక్సస్‌లో తన అక్కగారింట్లో ఒక గదిలో సర్దుకోవాలి.

"ఇంకొకళ్ళింట్లో పడుండటం నావల్ల కాదు మురళీ" అంది వదిన. "ఆ కారు పాడవకుండా చూడు. ఇండియా నుంచి వచ్చాక దాంట్లోనే డ్రైవింగ్ నేర్చుకుంటా."

డిసెంబర్ మొదట్లో అస్థికలు తీసుకుని ఆమె రాజమండ్రి ప్రయాణమైంది. నాలుగు నెలలు. బయల్దేరే రోజు పొద్దున నేను కారుని, ముందుభాగం తలుపు వైపు ఉండేలా, గరాజ్‌లో పెట్టాను. ఆ రోజు ఏమేం చేశానో వరసగా చెప్తాను, ఎందుకంటే తర్వాత నన్ను నేనే వందసార్లు నిలదీసుకున్నాను.

కారు లోపలా, డిక్కీలోనూ వాక్యూమ్ చేశాను. డిక్కీ పూర్తిగా ఖాళీ. కారు వాడటం లేదని చెప్తే ఇన్సూరెన్స్ వాళ్ళు, కారు తిరిగిన మైళ్ళు చూపించే ఓడోమీటర్ ఫొటో అడిగారు, తీసి పంపాను. తర్వాత డిక్కీలో మ్యాట్ ఎత్తి, దాని కిందుండే నారింజ రంగు ప్లగ్ పీకేశాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. హైబ్రిడ్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. లైట్లకీ తాళాలకీ చిన్నది, బండిని కదపడానికి పెద్దది. ఆ ప్లగ్ తీసేస్తే పెద్ద బ్యాటరీకీ కారుకీ సంబంధం తెగిపోతుంది. ఈ కారులో పెట్రోల్ ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసేది కూడా ఆ పెద్ద బ్యాటరీయే. కాబట్టి ప్లగ్ లేని కారు ఎవరైనా తోస్తే తప్ప అంగుళం కదలదు. ఖాళీ అయిన గుంటలో దుమ్ము పడకుండా పైన టేపు అంటించాను. ల్యాబ్‌లో అలవాటు. ప్లగ్, కారు తాళంచెవులు రెండూ తెచ్చి మా వంటింటి డ్రాయర్‌లో అప్పడాల కర్ర పక్కన పడేశాను.

డిక్కీ మూసి ఇటు తిరిగేసరికి, వదిన వంగి నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెడుతోంది.

నాకు నవ్వొచ్చింది. "వదినా, అవి బండి బయల్దేరేటప్పుడు తొక్కించడానికి పెడతారు. ఇది నాలుగు నెలలు పడుకోబోతోంది."

"తెలుసులేవయ్యా. మళ్ళీ బయటికి తీసేరోజు ఎవరికి గుర్తుంటుంది? ఇప్పుడే పెట్టేస్తే ఓ పనైపోతుంది" అంది.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ నిమ్మకాయల్ని అప్పుడే తీసి పక్కన పెట్టాల్సిందని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఎయిర్‌పోర్ట్‌కి టైమైపోతోంది. గరాజ్ తలుపు దించేసి, నా కారులో బయల్దేరాం.

చలికాలమంతా ప్రతి శనివారం పొద్దున ఆ ఇంటికి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. పైపులు గడ్డకట్టకుండా హీటింగ్ నడుస్తోందో లేదో చూడటం, పోస్ట్ తీసి లోపల పెట్టడం. గరాజ్‌లోకి వెళ్ళే పని పడలేదు. మంచు తీసేవాళ్ళని ఆ ఇంటికి రావద్దని చెప్పాను. డ్రైవ్‌వే మీది మంచులో నా బూట్ల గుర్తులు తప్ప ఇంకేమీ నాకు కనపడలేదు. మధ్యలో రెండు మూడుసార్లు మంచు కరిగి మళ్ళీ పడింది, అది కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో ఒకసారి హాల్లో నిలబడి ఉంటే గరాజ్ గోడ అవతల సన్నగా, సాగదీసినట్టు ఒక చప్పుడు వినిపించింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ అనుకున్నాను. ఫర్నెస్సే అయి ఉంటుంది.

ఏప్రిల్ మొదటి వారంలో వదిన తిరిగొచ్చింది. మర్నాడు శనివారం, పొద్దున పదిగంటలు, మంచి ఎండ. చార్జర్, మీటర్ పట్టుకుని, ప్లగ్, కారు రిమోట్ జాకెట్ జేబులో వేసుకుని వెళ్ళాను. వదిన కొత్త చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. అవాళే డ్రైవ్‌వేలో నాలుగడుగులు నడిపిస్తానని నేను ముందే ఆశ పెట్టాను. గరాజ్ తలుపెత్తాం.

నాలుగు నిమ్మకాయలూ చితికి ఉన్నాయి.

ముందు ఎలుకలనుకున్నాను. వంగి చూస్తే కొరికిన గుర్తుల్లేవు. పచ్చడై, నేలకి అతుక్కుని ఎండిపోయి ఉన్నాయి. తొక్కల మీద టైరు గాడుల అచ్చు స్పష్టంగా ఉంది. చలికి టైర్లలో గాలి తగ్గి బండి కుంగిందేమో అనుకుందామంటే, అవి చక్రాల కింద లేవు. పెట్టినచోటే, చక్రాలకి ముందు ఉన్నాయి. ఒక గింజ ముందు టైరు పైభాగంలో గాడిలో ఇరుక్కుని కనపడింది. నేలనున్న గింజ అంత పైకి పోవాలంటే చక్రం తిరగాలి.

వదిన నిమ్మకాయల్ని చూడటం లేదు. డ్రైవర్ సీటు వైపు చూస్తోంది. సీటు ఖాళీగా ఉంది.

"ఎవరైనా తీశారా మురళీ?"

"తీయలేరు వదినా. ప్లగ్ నా దగ్గరే ఉంది" అని జేబులోంచి తీసి చూపించాను.

రిమోట్ పనిచేయలేదు. దాని లోపల దాచి ఉండే చిన్న తాళంచెవితో తలుపు తీసి, బానెట్ ఎత్తి, చిన్న బ్యాటరీకి మీటర్ పెట్టాను. పన్నెండు వోల్టులు ఉండాల్సింది, రెండు కూడా లేవు. నాకు ప్రాణం కుదుటపడింది. చచ్చిన బ్యాటరీ నాకు రోజూ కనపడేదే. చార్జర్ తగిలించి, ఇద్దరం లోపలికెళ్ళి కాఫీ తాగాం.

గంటన్నర తర్వాత డాష్‌బోర్డ్ వెలిగింది. ఫోన్‌లో డిసెంబర్ నాటి ఫొటో తెరిచి పక్కన పెట్టి చూశాను. ఓడోమీటర్‌లో ఎనిమిది మైళ్ళు ఎక్కువగా ఉన్నాయి.

వదిన నా భుజం మీదుగా రెండు అంకెలూ చూసింది. స్టోర్‌కి నాలుగు వెళ్ళడానికి, నాలుగు రావడానికి. చిన్న బ్యాటరీ చచ్చిపోతే గడియారం తప్పుతుంది, రేడియో స్టేషన్లు పోతాయి. ఓడోమీటర్ మారడం ఈ పదిహేడేళ్ళలో ఒక్క కారులో కూడా నేను చూడలేదు. పోనీ, ఇదే మొదటిది కావచ్చు అనుకుంటూ, ప్లగ్ ఉండేచోటు చూద్దామని డిక్కీ బటన్ నొక్కాను.

డిక్కీలో రెండు కరివేపాకు ప్యాకెట్లు ఉన్నాయి.

ఆకులు పచ్చగా లేవు, పూర్తిగా ఎండిపోనూ లేదు. వారం రోజులు ఫ్రిజ్‌లో మర్చిపోతే ఎలా ఉంటాయో అలా వాడిపోయి ఉన్నాయి. వాసన గరాజ్ అంతా కమ్ముకుంది. చలికాలంలో గరాజ్ ఫ్రీజర్‌తో సమానం కదా, అందుకే పాడవలేదు అని సర్దిచెప్పుకున్నాను. పెట్టిందెవరో మాత్రం ఏ సర్దుబాటుకీ అందలేదు. మ్యాట్ ఎత్తాను. డిసెంబర్‌లో నేను అంటించిన టేపు అంటించినట్టే ఉంది. అంచు కూడా లేవలేదు.

"రెండు తెచ్చారు" అంది వదిన.

వాటిని ముట్టుకోలేదు. ఏడవనూ లేదు. ఆమె గొంతులో సంతోషం వినిపిస్తుందేమోనని నేను ఎదురుచూశాను. అక్కడ ఒట్టి భయమే ఉంది. హాస్పిటల్‌లో కూడా ఆమెని అంత భయంతో చూడలేదు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"మరి తెచ్చినాయన ఎక్కడ మురళీ?"

ఇద్దరం గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు వైపు చూశాం. కాఫీ తాగి వస్తూ మూయడం మర్చిపోయినట్టున్నాం. బార్లా తెరిచి ఉంది.

నేను ప్లగ్ పెట్టలేదు. చార్జర్ పీకేసి, డిక్కీ మూసేసి, వదినని మా ఇంటికి తీసుకుపోయాను. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది.

ఆ తర్వాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. అలాంటి ప్లగ్ ఇంకొకటి ఎవరైనా కొని తెచ్చారా? తెచ్చినా టేపు చింపకుండా పెట్టలేరు. తాళంచెవులు రెండూ చలికాలమంతా మా డ్రాయర్‌లోనే ఉన్నాయి. పక్కింటివాళ్ళని అడిగాను, గరాజ్ తలుపు తెరుచుకోవడం ఎవరూ చూడలేదు. స్టోర్‌కి కూడా ఒకసారి వెళ్ళాను. కౌంటర్ దగ్గర నిలబడి, ఏమని అడగాలో తెలియక, ఉప్పు ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను.

వదిన మాత్రం వెనక్కి తగ్గలేదు. మా ఆవిడ పాత కారులో డ్రైవింగ్ నేర్పించాను. మొదటిసారి రోడ్ టెస్ట్ పోయింది, రెండోసారి పాసైంది. మే మూడో సోమవారం తనే నడుపుకుంటూ డేకేర్‌కి వెళ్ళింది. ఆ రోజు అన్నయ్య ఉంటే బాగుండేదని అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ ఇంట్లోనే ఉంటోంది. ధైర్యవంతురాలు.

హైబ్రిడ్ కారు ఇప్పటికీ ఆ గరాజ్‌లోనే ఉంది. అమ్మేద్దామన్నాను.

"ఎవరికి అమ్ముతావు? ఆ తర్వాత ఆయన వాళ్ళింటికి పోతారు" అంది వదిన.

ప్లగ్ ఇప్పుడు ఆఫీస్‌లో నా లాకర్‌లో ఉంది. చిన్న బ్యాటరీ మళ్ళీ చచ్చిపోయే ఉంటుంది. ఆ ఓడోమీటర్ ఇంకా పెరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఆ బ్యాటరీని మళ్ళీ బతికించాలి. గంటన్నర పని. బ్యాటరీలే బతుకుతెరువుగా ఉన్న నేను ఆ పని చేయలేకపోతున్నాను.

మొన్న శనివారం వదినకి కూరలు ఇచ్చి వస్తూ, అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర "వెళ్ళొస్తా వదినా" అన్నాను. వదిన గబగబా వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ మాట ఈ గుమ్మంలో అనకు" అంది. "వెళ్తున్నానని చెప్పు. చాలు."

మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది. నా జీవితంలో మొదటిసారి "వెళ్తున్నా" అని చెప్పి, వెనక్కి చూడకుండా ఆ ఇంటి మెట్లు దిగాను.