అవ్వకు కనబడని గొర్రె

బైబిలు బడి ముగించుకొని భూపాలపల్లిలో గని క్వార్టర్ల దగ్గరి చిన్న చర్చికి పాస్టరుగా వచ్చిన కొత్తలో నా ప్రసంగమంటే నాకే మహా మోజు. ముప్పావు గంటకు తక్కువ మాట్లాడితే వాక్యాన్ని అవమానించినట్టే అనుకునేవాణ్ణి. ఒక గ్రీకు మాట, ఒక హెబ్రీ మాట, నడుమ కోస్తా యాసలో గంభీరంగా నాలుగు ముక్కలు. పుట్టింది ఈ వైపునే ఉన్న గూడూరు పక్క పల్లెలోనే అయినా, మైకు ముందు నిలబడితే ఆ ఊరు నాది కాదన్నట్టే ఉండేది నా వరస.

ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. డ్యూటీ పడి రాలేనివాళ్లకు ఇంట్లో ఆడవాళ్లు అన్నం వడ్డిస్తూ ఆనాటి వాక్యం చెప్పాలి. ముందు వరుసలో కూర్చునే ఒక అవ్వకు ఈ పని ప్రాణం. గనిలో పనిచేసే ఆమె కొడుకు సెలవున్న ఆదివారం కూడా చర్చి గడప తొక్కడు. తాగి వచ్చాడని నాకు ముందున్న పాస్టరు అతన్ని అందరి ముందూ లేపి తిట్టాడట. "ఒక్కపారి మా పిలగాడు లోపటికి వస్తె సాలు, అయ్యగారూ" అని అవ్వ ప్రతి వారం నా చెయ్యి పట్టుకునేది.

ఒక ఆదివారం అవ్వ ఇంట్లో నాకు భోజనం. నాటుకోడి కూర. తప్పిపోయిన గొర్రె మీద ఆ పూట దంచేశానని నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను. షిఫ్టు దిగి కొడుకు వచ్చాడు. ఎంత కడిగినా కళ్ల అంచున బొగ్గు కాటుకలా నిలిచే ఉంది.

"ఇయ్యాల అయ్యగారు ఏం జెప్పిండే, అవ్వా?" అని తల్లిని అడిగాడు.

అవ్వ గరిటె ఆపి ఆలోచించింది. "మంచిగనే జెప్పిండు బిడ్డా. నడుమ రెండు గిలాసల నీళ్లు తాగిండు."

"ఇంకేంది?"

"గంతే యాదికున్నది."

"గొర్రె ముచ్చట చెప్పిన కదా, అవ్వా!" అన్నాను.

"ఏమో నాయినా, నాకైతే గొర్రె కనవడలే."

కొడుకు పగలబడి నవ్వాడు. సిగ్గుతో చచ్చినంత పనైనా, కాసేపటికి నాకూ నవ్వాగలేదు.

మరుసటి వారం కాగితాలు ఇంట్లోనే వదిలేశాను. నా చిన్నప్పుడు మా మేకపిల్ల అడవి అంచున తప్పిపోతే, మా అమ్మ పొద్దుగూకేదాకా వెతికి, ముళ్లు గుచ్చుకున్న కాళ్లతో దాన్ని భుజాన వేసుకొచ్చింది. అదే చెప్పాను, మా ఊరి మాటలోనే. పది నిమిషాల్లో అయిపోయింది. నీళ్ల గ్లాసు ముట్టుకోనేలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనకు ముందు, అవ్వ లోపలికి వెళ్లినా కొడుకు గడప బయటే నిలబడిపోయాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"అయ్యగారూ, మేకపిల్ల దొరికినంక మీ అవ్వ దాన్ని కొట్టిందా?"

"లేదన్నా. ముందుగాల నీళ్లు తాపింది."

అతను చెప్పులు విడిచాడు. ముందు వరుసలో అవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.