అమ్మా, ఇవాళ ఏమైనా ఆరేశావా?

బుధవారం పొద్దున మూషీయా కొండ మీద, సముద్రపు నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టే రాడార్ స్తంభాల మధ్య మూడు పాముచేపలు వేలాడుతూ కనిపించాయి. చీల్చి, ఉప్పు రాసి, ఇనప తీగ కట్టి మరీ ఆరేశారు. ఆ తీగ పుణ్యమా అని ఆ పూటంతా రాడార్ తెర మీద సముద్రం ఎన్నడూ పోని దారుల్లో పోయింది. విచారిస్తే ఆరేసినావిడ పేరు షెనెరోసా అనీ, వయసు ఎనభై ఒకటనీ, సముద్రంలో పడ్డవాళ్ళని కాపాడే రక్షణ కేంద్రంలో గాలింపు పటాలు గీసే ఒబ్దూలియాకి కన్నతల్లి అనీ తేలింది.

"అక్కడ గాలి బాగుందే," అంది ముసలావిడ.

ఒబ్దూలియా పందొమ్మిదేళ్ళు వలలు బాగుచేసి, నలభై దాటాక పరీక్ష రాసి ఈ ఉద్యోగంలో చేరింది. నీళ్ళలో పడ్డ మనిషి ఎటు కొట్టుకుపోతాడో లెక్కగట్టి హెలికాప్టర్‌ని అటు పంపాలి. చేరిన రోజే ఆమె కడుపులో ఒక భయం కాపురం పెట్టింది: లెక్క తప్పితే?

శుక్రవారం ఆ భయం లేచి కూచుంది. ఆక్టోపస్‌లు పట్టే అమారో పడవ మధ్యాహ్నం తిరగబడింది. బోర్లాపడ్డ పడవ దక్షిణాన దొరికింది, మనిషి లేడు. ఫిబ్రవరి నీళ్ళు. వెలుగు ఇంకో గంటన్నర. హెలికాప్టర్ ఒక్కటే.

అమారో వాళ్ళన్న బాల్డొమేరో తలుపు తోసుకుని వచ్చి, ఆమె ఉత్తరాన గీస్తున్న గాలింపు పటం చూశాడు. "పడవ దక్షిణానుంటే మనిషి ఉత్తరానుంటాడా అమ్మాయ్? ఉత్తరాన్నించి గాలి అలా తోస్తోంటే కనపడట్లా?"

తెర మీద నీటి దారి చూపే బాణాలు మాత్రం ఉత్తరం వైపే తిరిగి ఉన్నాయి. వారం పాటు కొట్టిన నైరుతి గాలివానకి నీళ్ళింకా అటే పోతున్నాయి. పైకి తేలిన పడవ గాలితో పోతుంది, మెడదాకా మునిగిన మనిషి నీళ్ళతో పోతాడు. ఆ స్తంభాలు నిజం చెబుతుంటేనే సుమా.

ఒబ్దూలియా ఫోన్ తీసింది.

"అమ్మా, ఇవాళ కొండ మీద ఏమైనా ఆరేశావా?"

"లేదే."

"బట్టలైనా?"

"జేబురుమాలు కూడా లేదు. ఒట్టు. నేనేమన్నా దొంగనా? ఏమైందే?"

ఫోన్ పెట్టేసింది. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఉత్తరానికి పోండి," అంది రేడియోలో.

"తమ్ముడు దక్కకపోతే నీ మొహం చూడను," అన్నాడు బాల్డొమేరో.

నలభై నిమిషాలు రేడియో గరగరలాడిందే తప్ప పలకలేదు. దక్షిణానికి తిప్పమందామని రెండుసార్లు మైకు అందుకుని, రెండుసార్లూ పెట్టేసింది. అంతలో బాల్డొమేరో తిట్టడం మానేశాడు. ఆ తిట్లే నయం అనిపించింది.

సముద్రం బూడిదరంగుకి తిరుగుతుండగా రేడియో అంది: "కనిపించాడు. నీళ్ళు నిండిన చేపల పెట్టె పట్టుకుని వేలాడుతున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు."

బాల్డొమేరో కుర్చీలో కూలబడ్డాడు. ఒబ్దూలియా తెర మీద ఆ చోట గుర్తు పెట్టింది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి అమారో ఫోన్ చేశాడు. పళ్ళు ఇంకా టకటకమంటున్నాయి. "నన్ను లాక్కున్నారు సరే, ఆ పెట్టెని నీళ్ళలోనే వదిలేశారేం మీవాళ్ళు? అది మా అన్నది, కొత్తది! ఇప్పుడాయనకేం చెప్పను?"

ఒబ్దూలియా తెర మీది బాణాల వంక ఓసారి చూసింది.

"రేపు పదకొండింటికి ఉత్తరాన లాషె రేవు బయట నించోమను, అదే వస్తుంది."