సూరమ్మక్క ఎద్దులూ, నా వాగ్ధాటీ

వాదనలో ఓడిపోయి నష్టపోయినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. వాదనలో గెలిచి కొంప ముంచినవాణ్ణి ఇంతవరకు చూడకపోతే, ఇదిగో, నన్ను చూడండి. ఫిజీ దీవుల్లోని నవాకాలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నిండు సభలో, ఎదురులేని తర్కంతో నేను గెలిచాను. ఆ గెలుపు ధాటికి ఒక ఆడమనిషి ఎద్దుల జత గల్లంతు కావలసింది. ఎద్దులు నావి కావు. అప్పు నాది కాదు. నోరు మాత్రం నాదే.

గిర్మిట్లు, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందాలు, పూర్తిగా రద్దు కాకముందటి సంగతి ఇది. నా గిర్మిటు అప్పుడే ముగిసింది. మూతిమీద మీసం, కడుపునిండా ఉపన్యాసాలు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. దేశంలో ఉన్నప్పుడు నేను కాకినాడలో ఒక సంస్కరణ సమాజంలో సభ్యుణ్ణి. వితంతు వివాహం కానివ్వండి, సహపంక్తి భోజనం కానివ్వండి, జాతకాల బూటకం కానివ్వండి, ఒకసారి లేచి నిలబడ్డానంటే అధ్యక్షులవారు చొక్కా పట్టి లాగితేగాని కూర్చునేవాణ్ణి కాను. ఒకనాటి సాయంత్రం, మాయమాటలు నమ్మి మోసపోయే పామర జనాన్ని చీల్చి చెండాడి ఇంటికి వస్తుంటే, దారిలో కూలీలను పోగుచేసే ఆరకాటి ఒకడు ఎదురై, “సముద్రం అవతల గుమాస్తా పని ఉంది బాబూ” అన్నాడు. నమ్మేశాను. అందరూ వేలిముద్రలు వేసినచోట నేను ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాను. ఫిజీలో దిగాక తెలిసింది, ఆ గుమాస్తా పనికి కలం అక్కర్లేదనీ, చెరుకు కత్తి చాలుననీ. ఇంత జరిగినా నా తెలివిమీద నాకు అనుమానం రాలేదు చూశారూ, అదీ యౌవనమంటే!

ఇక సూరమ్మక్క. విశాఖపట్నం వైపు మనిషి. మా అందరికీ అక్క. ఆమె నడిచివస్తుంటే మిల్లు రైలింజను వస్తున్నట్టు దారిలోవాళ్ళు పక్కకు తప్పుకొనేవారు. మొగుడు జబ్బుపడినప్పుడు వైద్యానికని దుకాణదారు గవరయ్య దగ్గర నాలుగు పౌన్లు అప్పు తెచ్చి, తన ఎద్దుల జతను తాకట్టు పెట్టింది. అప్పు తీరేదాకా ఎద్దులు గవరయ్య కొట్టంలోనే ఉండాలని షరతు. మొగుడు దక్కలేదు. అక్క ఊరివాళ్ళందరి చెరుకూ కొట్టి అసలూ వడ్డీ కూడబెట్టి తీసుకెళ్తే, గవరయ్య ఇంకో ముప్ఫై షిల్లింగులు కావాలన్నాడు. గడ్డి ఖర్చట, కొట్టం అద్దెట, కాపలాట, ఆఖరికి కట్టేసిన తాడుకు కూడా ఏదో అట. ఈలోగా ఆ ఎద్దులతో తన పొలమంతా దున్నుకున్నది కూడా ఆ మహానుభావుడే.

ముప్ఫై షిల్లింగులు అక్క దగ్గర లేవు. వానలు మొదలయ్యాయి. నెలాఖరులోగా చెరుకు నాటకపోతే కౌలుభూమిని ఇంకొకరికి ఇచ్చేస్తామని పంచదార కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఎద్దులు రాకపోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే భూమి లేదు. భూమి పోతే అక్క మళ్ళీ గిర్మిటు కూలీలుండే లైన్లలోకి, అక్కడి చీకటి గదిలోకి.

“ఆదివారం నాతో రా,” అంది అక్క. “తాకట్టు కాగితం ఇంగిలీసులో ఉంది. నాను సదవమన్నప్పుడు సదువు. మాట్లాడీది నాను. నువ్వు నోరు ఇప్పకు.”

“అలాగే అక్కా,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. మా దీవుల్లో జహాజీ అని ఒక చుట్టరికం ఉంది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. ఒకరి పిల్లల్ని ఒకరికి ఇచ్చి పెళ్ళిళ్ళు కూడా చేసుకోరు, సొంత రక్తం అన్నట్టు పాటిస్తారు. జహాజీ దగ్గర అనుకున్న వడ్డీకి మించి లాభం తియ్యడమంటే తోడబుట్టినవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినంత తప్పు. సూరమ్మక్కా గవరయ్యా ఒక ఓడవాళ్ళు. నేను తర్వాత ఇంకో ఓడలో వచ్చాను. నాతో వచ్చినవాళ్ళందరినీ వేరే దీవిలోని లంబాసా వైపు పంపేశారు. కనుక నవాకాలో నేను ఎవరికీ ఏమీ కాను.

అక్క ఆదివారాన్నే ఎందుకు ఎంచుకుందో నాకు తట్టలేదు. ఆదివారం ఆ ఓడవాళ్ళంతా గవరయ్య దుకాణం వసారాలో చేరి యంగోనా తాగుతారు. ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్న అలవాటు. ఒక వేరును దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో అందించే బురదరంగు పానీయం అది. మేము వెళ్ళేసరికి వసారా నిండుగా ఉంది.

“ఏటన్నా, బాగున్నావా?” అంది అక్క, వసారా చివరిదాకా వినబడేలా.

“రా సెల్లీ, కూకో,” అన్నాడు గవరయ్య. అనడమైతే అన్నాడుగాని, ముఖాన చెమట పట్టింది.

“ఎద్దుల కోసం వచ్చినాను. ఇంకా ఏదో ఇయ్యాలన్నావట?”

“అదే... గడ్డీ... కొట్టం... కర్సులవుతాయి కదా సెల్లీ,” అని గొణిగాడు.

“గట్టిగా సెప్పన్నా. సెల్లెలి దగ్గర గడ్డికెంత తీసుకుంతన్నావో మన ఓడోళ్ళు ఇనాల కదా.”

గవరయ్య చూపు కొట్టం వైపు తిరిగింది. కొబ్బరిచిప్పలు ఆగిపోయాయి. ఇంకొక్క నిమిషం నేను నోరు మూసుకుని కూర్చుంటే ఎద్దులు నడుచుకుంటూ బయటికి వచ్చేవి. ఈ సంగతి ఇప్పుడు నాకు స్పష్టంగా కనబడుతోంది. అప్పుడు నాకు కనబడింది మాత్రం ఒక వేదిక, ఒక మూఢనమ్మకం, దాన్ని ఖండించవలసిన నేను.

లేచి నిలబడ్డాను.

“ఆగక్కా! అసలు ఈయన నీకు అన్న ఎలా అవుతాడు? రక్తమా? కాదు. కులమా? కాదు. ఊరా? అదీ కాదు. ఒక ఓడ ఎక్కినంతమాత్రాన చుట్టరికం పుడుతుందా? ఆ ఓడలో ఎలుకలు కూడా వచ్చాయి. వాటినీ అన్నా అని పిలుస్తారా? నీకు న్యాయంగా రావలసినదాన్ని వరసలు కలిపి బతిమాలడమేమిటి? చుట్టరికాలు పక్కన పెట్టండి! కాగితం తియ్యండి! అందులో ఎలా ఉంటే అలా తేల్చుకుందాం!”

కాకినాడలో అయితే ఈ చోట చప్పట్లు పడేవి. నేను ఆగి చూశాను కూడా. ఇక్కడ ఒక ముసలాయన చిప్ప కింద పెట్టి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. సూరమ్మక్క కళ్ళు మూసుకుంది. గవరయ్య ముఖం మాత్రం వానవెలిసిన ఆకాశమైపోయింది.

“ఎంత సదువుకున్నోడివి బాబూ!” అన్నాడు. “ఇన్నాళ్ళకి ఒక్క మనిసి నాయం మాట్లాడినాడు. ఈ బాబుకో సిప్ప ఇయ్యండర్రా!”

చిప్ప అందించారు. విజేతలా గటగటా తాగేశాను. యంగోనా తాగితే కాసేపు నాలుక మొద్దుబారుతుంది. ఆ పని అయిదు నిమిషాల ముందు జరిగి ఉంటే ఎంత బాగుండేది!

కాగితం తెచ్చారు. చదవడానికని వెంట వెళ్ళినవాణ్ణి, దాన్ని చదవకముందే వాదించేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. విప్పి చూశాను. “మేపుకూ కాపలాకూ అయ్యే ఖర్చు అప్పు తీసుకున్నవారిదే. ఎంతన్నది అప్పు ఇచ్చినవారి ఇష్టం.” గొణుగుతూ తెలుగులో చదివాను.

“గట్టిగా సదువు నాయనా,” అన్నాడు ముసలాయన. “ఎలకలకి సెవుడు.”

గట్టిగా చదివాను. అయినా వాదికి లొంగడం తెలియదు కదా. “మరి ఆ ఎద్దులతో మీ పొలం దున్నుకున్నారే! దాని కిరాయి మాటేమిటి?” అన్నాను.

“సెల్లి ఎద్దులైతే కిరాయి ఇద్దునే,” అన్నాడు గవరయ్య, ఎంతో బాధగా. “పరాయోళ్ళ ఎద్దులని నువ్వే తేల్చినావు. కట్టీసి ఉంచితే కాళ్ళు పట్టేస్తాయని దున్నించి ఆటి ఆరోగ్గెం కాపాడినాను. దానికో అయిదు సిలింగులు రాసుకుంతాను.”

నా వాక్పటిమతో ముప్ఫై కాస్తా ముప్ఫై అయిదయింది.

అక్క నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. కొంగు నడుముకు బిగించి లేచింది.

“సరే, గవరయ్యగారూ,” అంది.

ఆ ‘గారూ’ వినగానే గవరయ్య కుర్చీలో కదిలాడు.

“ఈ అబ్బి సదువుకున్నోడు. మనకి సుట్టరికం లేదంతన్నాడు. మీరూ బాగుందన్నారు. వచ్చీ నెల్లో మీ పాప పెళ్ళికి మేనత్తగా నన్ను నిలబడమన్నారు. పరాయిదాన్ని, నానేటి నిలబడతాను?”

ముసలాయన చిప్ప బోర్లించాడు. “అయితే నాను మేనమావని కాదన్నమాట. పందిరి నాను ఎయ్యక్కర్లేదు. నడుం నొప్పి తప్పింది.” లేచాడు. ఆ వెనక ఒక్కొక్కరూ లేచి చాపలు దులపడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

గవరయ్యకూ అతని భార్యకూ సముద్రానికి ఇటువైపు నా అనేవాళ్ళు ఈ వసారాలోవాళ్ళే. వియ్యాలవారు లౌటోకా నుంచి వస్తున్నారు. పందిట్లో పెళ్ళికూతురి వైపు ఒక్క మనిషీ లేకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు.

లోపల్నుంచి అతని భార్య లచ్చమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. “ఎవులు? సుట్టరికం లేదన్నది ఎవులు?”

వేళ్ళన్నీ నావైపు తిరిగాయి. అందరికంటే ముందు తిరిగింది గవరయ్య వేలే.

“ఆడంతే నువ్వు తలూపినావా?” అని మొగుడిమీద పడింది. “ఓడలో జొరంతో సచ్చిపోతంటే నా తల ఒళ్ళో ఎట్టుకున్నది ఎవులు? నీ కాగితం ఎట్టుకుందా?”

పాఠకులారా, అప్పుడు నా మొద్దుబారిన బుర్రలో ఏదో కదిలింది. గవరయ్య కులం వేరు, లచ్చమ్మ కులం వేరు, ఓడ ఎక్కకముందే డిపోలో జతకట్టినవాళ్ళు. ముసలాయనది మా ఊళ్ళో గడప తొక్కనివ్వని కులం. అతను ఆ పిల్లకు మేనమామ! కాకినాడలో మేము సహపంక్తి భోజనంమీద ఏళ్ళ తరబడి తీర్మానాలు చేసి, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి భోంచేసేవాళ్ళం. వీళ్ళు తీర్మానం చెయ్యలేదు. ఆకలేసి కలిసి తిన్నారు, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు, దిగాక ఆ వరసలు వదలలేదు. ఏ శాస్త్రమూ చెప్పకుండా, ఏ దేవుడూ దిగిరాకుండా, మనుషులు తమంతట తాము కట్టుకున్న చుట్టరికం ఇది. నేను జీవితమంతా అరిచి అడిగిన లోకం నా ఎదురుగా చాపలు దులుపుతుంటే, దాన్ని ఎలుకలతో పోల్చాను. హేతువాదం తప్పు కాదండీ. ఆ రోజు వసారాలో అది లేనిది నా ఒక్కడి దగ్గరే.

“సెల్లీ...” అన్నాడు గవరయ్య.

“ఎవులికి సెల్లి?”

“నాకే.”

“గట్టిగా.”

“నాకే సెల్లీ! కర్సులూ వద్దు, ఏటీ వద్దు. రేపు నా జత కూడా తోలుకొచ్చి నీ సేను దున్నిపెడతాను. సాలా?”

అక్క మూట విప్పి అసలూ వడ్డీ లెక్కపెట్టి అతని చేతిలో పోసింది. అందులో పెన్నీ తగ్గించమని అడగలేదు. కాగితం తీసుకుంది, ఎద్దుల్ని విప్పుకుంది. లేచినవాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు.

గవరయ్య వ్యాపారి కదా, చివరికి తల గోక్కుని, “గడ్డి మాత్రం ఎద్దులు నిజంగానే తిన్నాయి. సుట్టాల దగ్గర తీసుకోకూడదనుకో. పరాయోడి దగ్గరైతే...” అన్నాడు.

వసారాలో పరాయివాడెవరా అని చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

“నేను అప్పు తీసుకోలేదే!”

“సుట్టరికాలు పక్కనెట్టమన్నది నువ్వే కదా, ఇంక నువ్వు ఇక్కడ ఎవులికీ ఏటీ కావు,” అంది అక్క, ఎద్దుల మెడ నిమురుతూ. “నీ నాయమే నీకు.”

నా వాదనకు నా దగ్గర జవాబు లేకపోయింది. అంత బాగా వాదించాను మరి! పెళ్ళి రోజు దాకా ప్రతి ఆదివారమూ గవరయ్య పశువులకు గడ్డి కోసి మోశాను. కట్ట కింద మెడ వంకరపోతుంటే, గట్టుకు అవతల సూరమ్మక్క తన ఎద్దుల్ని అదిలిస్తూ నల్లటి చాళ్ళలో చెరుకు ముక్కలు నాటించేది.

“తమ్ముడూ! ఎండ మండుతంది. ఇలా వొచ్చి గంజి తాగు!” అని ఓ మధ్యాహ్నం కేకేసింది.

తమ్ముడు! రక్తం కాదు, కులం కాదు, ఆఖరికి ఓడ కూడా ఒకటి కాదు. ఖండించడానికి ఇంతకంటే సులువైన వరస ప్రపంచంలో లేదు. నాలుక చివరిదాకా వచ్చిన తర్కాన్ని మింగి, “వస్తున్నానక్కా” అన్నాను.

ఆ గంజి సాక్షిగా నేనొక తీర్మానం ప్రతిపాదించి, నేనే బలపరచి, ఏకగ్రీవంగా ఆమోదించాను. ఇకమీదట ఈ భూమ్మీద ఎవరి చుట్టరికాన్ని ఖండించవలసివచ్చినా, దానికి ఎన్ని ఎద్దులు కట్టేసి ఉన్నాయో ముందు కనుక్కునిగాని నోరు విప్పను.