బిచ్యా బండి వెనక సక్రి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే రోడ్డు మీద బిచ్యా మోటారుసైకిళ్లు బాగుచేసే రేకుల షెడ్డు తెలియని బండివాడు లేడు. ఆ షెడ్డు మీద ఒక వేళాకోళం కూడా ఉండేది. బిచ్యా పెళ్లాం లేకుండా ట్రయల్ పోడు!

ఏ మెకానిక్ అయినా బండి చేతికొచ్చాక ఓ రౌండు కొట్టి చూస్తాడు. మనవాడు మాత్రం "సక్రీ!" అని కేకేసేవాడు. ఆమె చేతికి పిండి ఉంటే పిండితోనే వచ్చి, కొంగుకు తుడుచుకుంటూ వెనక కూర్చునేది.

"ఏంది బిచ్యా, షికారు పోతున్నవా?" అని ఎదురుగా టీ హోటల్ నడిపే లచ్చిరాం అరిచేవాడు.

జవాబు సక్రి చెప్పేది. "నీ పెండ్లాం నీ బండి ఎక్కుతలేదని ఏడుస్తున్నవా అన్నా?"

హోటల్ ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లంతా గొల్లుమనేవాళ్లు. బిచ్యా కూడా నవ్వేవాడు, కాకపోతే అందరికంటే కాస్త ఆలస్యంగా. మాట విని కాదు, వాళ్ల మొహాలు చూసి నవ్వేవాడు. అతనికి చెవులు వినపడవు.

పుట్టుకతో వచ్చింది కాదది. కుర్రతనంలో వెదురు లారీల మీద క్లీనరుగా అడవంతా తిరిగాడు. లారీ వంపు తిరగకముందే మోత విని, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడట. ఆ చెవుల మీదే షెడ్డు పెట్టాడు, ఆ చెవుల మీదే పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఒక వానాకాలం చలిజ్వరం పట్టుకుంది. ఆ అడవిలో దాని పాలబడని ఇల్లేది? అతనికి నెత్తికెక్కింది. భద్రాచలం దవాఖానాలో క్వినైన్ సెలైన్లు ఎక్కించి మనిషిని బతికించారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా సక్రి పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావట్లేదు. జ్వరం తీసుకుపోయిందో మందు తీసుకుపోయిందో, చెవులైతే పోయాయి.

ఏడవాల్సినంత ఏడ్చాక సక్రే దారి చూపింది. అతని ఎదురుగా కూర్చుని, పెదాలు విడదీసి నెమ్మదిగా చెప్పింది.

"చెవిటి మెకానిక్ అంటే ఎవడొస్తడు? గీ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె. నీ చెవులు నేనైత."

ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకోవడం బిచ్యా నేర్చుకున్నాడు. పెదాలతో ఇంజన్ మాట్లాడదు గదా! అందుకే వెనక సీటు. షెడ్డు అవతల కల్వర్టు మోరీ దాటాక ఒక గుట్ట ఎక్కుడు ఉంది. క్లచ్ జారే బండి సంగతి అక్కడ బయటపడుతుంది. ఎక్సలేటరు తిప్పితే మోత పెరుగుతుంది, బండి లాగదు. లాగుతుందో లేదో కళ్లకు తెలుస్తుంది. చేతుల్లోకి వచ్చే అదురు సగం చెబుతుంది. మిగతా సగం సక్రి చెప్పేది. మోత ఉత్తగా లేచిందంటే అతని భుజం నొక్కేది, సర్దుకుందంటే వదిలేసేది. చదువు లేని మనిషి, బండి నడపడం రాని మనిషి, ఏ బండి ఎట్లా అరుస్తుందో పట్టేసింది. ఆ ఇద్దరి సంసారం అట్లా భుజం మీది చేతితో నడిచింది.

ఆ ఏడు వానలు వెలిసి ఎండ చుర్రుమంటున్న రోజుల్లో వెంకటరామారావు బండి తోలుకొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిరప వేసే రైతు ఆయన. మొహం చిట్లించి ఉంది.

"ఏమోయ్ బిచ్యా, కొత్త ప్లేట్లు వేశావు, మళ్లీ జారుతోందేంటి? అరుపే గాని నడక లేదు!"

బిచ్యా ముందు క్లచ్ లివర్ పట్టి చూశాడు. కొసన కొంచెం వదులు ఉండాలి. తీగ మరీ బిగుసుకుంటే ప్లేట్లు సరిగ్గా అతుక్కోవు. అది సరిగ్గానే ఉంది. "సక్రీ!" అన్నాడు. ఆమె తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. పొద్దున్నుంచి తలనొప్పట. ఎక్కుడులో ఆమె వేళ్లు భుజం మీద గట్టిగా బిగిశాయి. జారుతోంది, అనుమానం లేదు.

వెనక్కి వచ్చి ఆయిల్ దించి, క్లచ్ కవర్ విప్పాడు. స్ప్రింగులు బాగున్నాయి. ప్లేట్లు అరగలేదు, కానీ అద్దంలా నున్నబడ్డాయి. దించిన ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూశాడు. తను పోసింది కాదు.

"సార్, గీ ఆయిల్ ఎవరు పోసిండ్రు?"

రావు బుర్ర గోక్కున్నాడు. "కారుకు తెచ్చింది మిగిలిపోతే నేనే మార్చానయ్యా. నూనె నూనే కదా అనుకున్నా!"

"కారు క్లచ్ పొడిగ ఉంటది సార్. దీనిది నూనెల మునిగి ఉంటది. నున్నగ జారే మందు కలిపిన నూనె దీనికి పడది."

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అని రావు నవ్వుకుంటూ టీ తాగడానికి లచ్చిరాం హోటల్‌కి పోయాడు.

బిచ్యా ప్లేట్లను పెట్రోలులో కడిగి, గరుకు కాగితం మీద గుండ్రంగా రుద్ది నునుపు పోగొట్టాడు. సరైన ఆయిల్‌లో నానబెట్టి బిగించాడు. పొద్దు వాలుతోంది. తలెత్తి చూస్తే సక్రి గోనెసంచి మీద ముడుచుకుని పడుకుని ఉంది. అతనికి మనసొప్పలేదు.

"పానం మంచిగ లేదా? నేనొక్కన్నే పోయొస్త తియ్."

ఆమె హోటల్ వైపు చూసింది. రావు ఇటే చూస్తున్నాడు. లేచి, దుప్పటి కప్పుకుని, పెదాలతో చెప్పింది. "ఒక్కనివి పోయి తప్పు జెప్తే ఆయనకు నీ చెవుల ముచ్చట ఎరుకైతది. పా, జల్దీ వద్దం."

చొక్కా మీదుగా ఆమె చెయ్యి కాలుతోంది. పగలంతా కాసిన ఎండకు, అనుకున్నాడు. ప్రతి ఇంజన్ మీదా అరచెయ్యి ఆనించి వేడి కొలిచే మనిషి అట్లా అనుకున్నాడు, ఏం చెప్పమంటారు! ఎక్కుడు వచ్చింది. మూడో గేరులో ఎక్సలేటరు పూర్తిగా తిప్పాడు. బండి ఉరికింది. భుజం మీద చెయ్యి నొక్కలేదు. హమ్మయ్య! గుట్ట దిగుతుంటే సక్రి నుదురు అతని వీపుకు ఆనించింది. ఏదో అంటున్నట్టు వీపులో సన్నగా అదిరింది. మురిపెం వస్తే అట్లా వీపుకు మొహం పెట్టి కూనిరాగం తీసేది ఆమె. బిచ్యాకు సంతోషమైంది. బండి కొంచెం నెమ్మది చేశాడు కూడా.

షెడ్డు ముందు ఆపితే ఆమె దిగలేదు. తిరిగి చూస్తే పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. లచ్చిరాం ఉరికొచ్చి పట్టుకున్నాడు. ఆటోలో భద్రాచలం తీసుకుపోయారు. అతన్ని పట్టిన జ్వరమే ఆమెనూ పట్టింది, నెత్తికెక్కింది. ఈసారి వదల్లేదు. ఆ వారం తిరగకుండానే సక్రి పోయింది. వీపు మీద ఆమె చెప్పిన ఆ మాట ఏంటో బిచ్యాకు ఎప్పటికీ తెలియదు. చలి పెడుతోందని చెప్పిందో, బండి ఆపమని చెప్పిందో!

షెడ్డు చాలా రోజులు మూతబడింది. తర్వాత తెరిచాడు గాని పంచర్లు, బ్రేకులు తప్ప ఇంజన్ పని ముట్టుకోలేదు. ఎండాకాలం మొదట్లో రావు మళ్లీ అదే బండి తెచ్చాడు.

"క్లచ్ కాస్త తేడాగా ఉందయ్యా. ఒకసారి చూడు."

బిచ్యా ఒక్కడే ఎక్కుడు దాకా పోయాడు. బండి ఎక్కింది. జారిందా? సరిగ్గా తెలియలేదు. అతని భుజం సక్రి చెయ్యి కోసం ఎదురుచూసింది. వెనక్కి తిరిగొచ్చి తాళం రావు చేతిలో పెట్టాడు.

"సార్, ఇంకో మెకానిక్‌కు చూపియ్యండి. నాకు చెవులు వినపడవు. జరమొచ్చినప్పుడే పోయినయ్. సక్రి ఉండంగ నడిచింది."

రావు తాళం పుచ్చుకోలేదు. బిచ్యాకు ఎదురుగా జరిగి, పెదాలు బాగా కనిపించేటట్టు చెప్పాడు.

"నాకు తెలుసు బిచ్యా. లచ్చిరాంకి తెలుసు. ఈ రోడ్డు మీద అందరికీ తెలుసు. వెనక నుంచి లారీవాడు హారన్ మోగించినా తిరగవు, తెలియదటయ్యా? ఆవిడ అంత ఆరాటపడి దాస్తుంటే, బయటపెట్టడం ఎందుకని ఊరుకున్నాం. నీ పని బాగుంటుంది, అందుకే వస్తున్నాం."

"ఎప్పటినుంచి ఎరుక సార్?"

"మొదటి నుంచీ."

 బిచ్యా చూపు రావును దాటి మూలనున్న గోనెసంచి మీదికి పోయింది. 

"అంటే... ఆనాడు సక్రిని పండుకోనిచ్చి, జర ఎనక కూసోండ్రి సార్ అని మిమ్మల్ని అడిగితే... కూసునేటోళ్లా?"

రావు కళ్లనీళ్లు పెట్టుకుని తలూపాడు.

బిచ్యా తాళం చేతిలో పట్టుకుని బండి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో అతనికి తెలియదు. రోడ్డు అవతల టీ పోస్తున్న లచ్చిరాం గిన్నె దించేసి పరుగెత్తుకొచ్చాడు.