నా సావుకొచ్చిన టమాటా లారీ

నిన్న పొద్దున నా సావుకు ఇరవై మంది వచ్చినారబ్బా. పలమనేరు నుంచి, టమాటాల లారీలో. నేనేమో అరుగు మీద కూర్చోని ఇడ్లీ తింటా ఉండాను. నవ్వకండప్పా, టీ తాగతా వినండి.

మా సరోజ వాళ్ల తమ్ముడి పెండ్లికని పలమనేరులో పుట్టింటికి పోయి నెలన్నర అయ్యింది. పోయేటప్పుడు నా నోరు ఊరుకోక, "నువ్వు లేకుంటే నాకేం, హాయిగా ఉంటా" అన్నాను. "అట్లనా? అయితే నువ్వు రమ్మని పిలిచినప్పుడే వస్తా" అనేసి బస్సెక్కింది. ఆ హాయి నాలుగు దినాలే. పులుసు పెడితే రసం అయితాది, రసం పెడితే నీళ్లయితాది. ఇంటికొస్తే మాట్లాడేదానికి మనిషి లేదు. నిజం చెప్తా ఉండాను, ఆ మనిషి లేకుండా నాకు గడవదు. కానీ "రా" అని రాసేదానికి పౌరుషం అడ్డమొచ్చింది. మూడు ఉత్తరాలు రాసినాను. మూడింటిలోనూ తిరుచానూరు వానల గురించే రాసినాను.

అప్పుడు నా ఇంగ్లీషు గుర్తొచ్చింది. నేను పనిచేసే లాడ్జికొచ్చే యాత్రికులతో మాట్లాడాలని పుస్తకం కొని, దినానికొక వెర్బు నేర్చుకుంటా ఉండాను గదా. మొన్నటి వెర్బు 'స్టార్ట్'. బయలుదేరడమని అర్థం. ఇంగ్లీషులో పిలిస్తే పౌరుషం పోదు, పైగా టెలిగ్రాం అంటే దర్జా. "స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని సరోజ పేరుకు రాసినాను. కింద నా పేరు పెట్టలేదు. తిరుచానూరు నుంచి దాన్ని పిలిచేవాడు నేను గాక ఇంకెవరుండారు?

పోస్టాఫీసు లైన్లో నా ముందరాయన ఆ కాగితం చూసి గబుక్కున పక్కకు జరిగినాడు. ఆయన్ను చూసి లైనంతా జరిగి నాకు దావ ఇచ్చింది. ఒకాయన భుజం పట్టుకోని, "ధైర్యంగా ఉండప్పా" అన్నాడు. ఇంగ్లీషు రాసేవాడికి ఇంత మర్యాదా అని ఛాతీ విరుచుకోని ఇంటికొచ్చినాను.

మా అత్తగారింట్లో టెలిగ్రాం అంటే ఏడుపే. విప్పకముందే అత్త శోకాలు మొదలుపెట్టిందంట. బడి అయివారు చదివి, "కింద మీ అల్లుడి పేరు లేదు, సీరియస్ అని కూడా రాయలేదు. అంటే అయిపోయినట్టే. ఆ మాట రాసేదానికి వాళ్లకు చేతులు రాలేదు పాపం" అన్నాడంట. మన పక్క టెలిగ్రాంలో 'స్టార్ట్' వచ్చిందంటే యాడో పాడె కడతా ఉండారని నా పుస్తకంలో రాయలేదు మరి.

లారీలోంచి ముందు పలకలు, అదే సావు డప్పులు, కొట్టేవాళ్లు దిగినారు. తర్వాత మామ, చేతిలో ఇంత లావు చామంతి దండ. వెనకాల అత్త, గుండెలు బాదుకుంటా. నేను ఇడ్లీ ముక్క పట్టుకోని లేచి, "ఏం మామా, ఎవరు పోయినారు?" అన్నాను.

మామ నన్ను కింద నుంచి పైదాకా చూసినాడు. "నువ్వే గదబ్బా" అన్నాడు.

అత్త శోకం సగంలో ఆపేసింది. పలకలోళ్ల పెద్దాయన, "ఇంత దూరం వచ్చి కొట్టకుండా పోతే మాకు అరిష్టం సామీ" అని గొణిగినాడు. మామ ఆ దండను ఏం చేయాలో తెలీక కాసేపు నిలబడి, ఆఖరికి నా మెడలోనే వేసినాడు. "సావు కబురు అబద్ధమైతే ఆయుస్సు పెరుగుతాదిలే" అన్నాడు.

అందరికంటే వెనక సరోజ దిగింది. కండ్లు వాచిపోయి ఉండాయి. నన్ను చూసి అట్లనే నేల మీద కూలబడింది. ఏడ్చింది, తిట్టింది, మళ్లా ఏడ్చింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నిన్ను పిలుద్దామనే గదమ్మే" అన్నాను.

"పిలిచేదానికా? అయితే ఇప్పుడు పిలువు, తెలుగులో. లేదంటే ఇదే లారీలో వెనక్కి పోతా."

ఎదురుగా ఇరవై మంది. మెడలో శవం దండ, చేయి చూస్తే ఎంగిలి. లారీ డ్రైవరు ఇంజను కూడా వేసినాడు. అప్పుడన్నాను, "రా" అని.

"ఎందుకు?"

"నువ్వు లేకుంటే నాకు బాగలేదు."

"వెనకాల మా మేనత్తకు వినబళ్లేదంట. గట్టిగా చెప్పు."

గట్టిగానే చెప్పినాను. దానికోసమే కాసుకోని ఉన్నట్టు పలకలోళ్లు మొదలుపెట్టినారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. సరోజ మాత్రం కొంగుతో కండ్లు తుడుచుకోని, నన్ను దాటుకోని నేరుగా వంటింట్లోకి పోయింది.

'రా'. ఒకే ఒక్క అక్షరమప్పా. అది చెప్పేదానికి నేను సచ్చి బతకాల్సొచ్చింది.