పదహారు సెన్ల టికెట్టు

నా చిన్నప్పుడు మా ఎస్టేటులో బొంతని డబ్బుకి అమ్మడమంటే ఎవరికీ తెలీదు. పుట్టిన పిల్లకి ఒకటి, పెళ్ళయి వెళ్ళే పిల్లకి ఒకటి, ముసలివాళ్ళ నడుం కిందకి ఒకటి, అంతే. పాత చీరలు, చిరిగిన కైలీ లుంగీలు, పిండి సంచులు, ఏది దొరికితే అది ముక్కలు చేసి, పొర మీద పొర పేర్చి కుట్టుకునేవారు. అలాంటిది ఒక ఏడాది మా కూలీల లైను ఇళ్ళ ఆడవాళ్ళు పదిమంది కలిసి ఒక పెద్ద బొంత కుట్టి, దాన్ని లక్కీ డ్రాకి పెట్టి, టికెట్లు అమ్మి డబ్బు పోగుచేద్దామనుకున్నారు. ఆ టికెట్టుకి ధర కట్టింది మా అమ్మమ్మ. ఆ ధరని పాడుచేసింది నేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. లోకంలో తెలివంతా నా దగ్గరే ఉందనుకునే వయసు.

మాది మలేషియాలో బాగన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటు. డబ్బు కావలసింది మా పక్కింటి అక్కకి. అక్కకి ఈపో పట్నంలో నర్సు చదువుకి చోటు వచ్చింది. మా లైన్లలో అంతవరకు ఏ ఆడపిల్లకీ రాలేదు. ఉత్తరంతోపాటు కట్టాల్సిన ఫీజు, కొనాల్సిన తెల్ల బూట్లు, తెల్ల బట్టలు, అన్నీ వరసగా రాసిన కాగితం కూడా వచ్చింది. ఫలానా సోమవారం సాయంత్రం లోపల వచ్చి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందని అందులోనే ఉంది. అక్క తండ్రి అంతకు నాలుగేళ్ళ ముందే జ్వరం తగిలి పోయాడు. తల్లి ఎండుకొబ్బరి పాకలో చిప్పల్లోంచి కొబ్బరి తీసే పని చేసేది. రోజంతా చేస్తే వాళ్ళిద్దరి పొట్టకి సరిపోయేది.

ఆ తల్లిని నేను పిన్నీ అనేదాన్ని. ధర్మం అన్న మాట వింటే పిన్నికి ఒళ్ళు మండేది. ఊరికే కాదు. మొగుడు పోయిన ఏడాది ఎస్టేటు గుమాస్తా భార్య ఒక పాత చీర ఇచ్చింది. గుమాస్తాని మేం కిరాణీ అనేవాళ్ళం, ఆవిడ కిరాణమ్మ. ఆవిడా మన తెలుగావిడే. ఇచ్చింది ఒక్క చీర, చెప్పుకున్నది నాలుగేళ్ళు. పిన్ని అది కట్టుకుని కొళాయి దగ్గరికి వస్తే చాలు, అది నేనిచ్చిందే అని పదిమందిలో అనేది. ఒకరోజు పిన్ని ఆ చీరని తీసి పొయ్యిలో పెట్టేసింది. అందుకని ఆడవాళ్ళు సాయం మాట ఎత్తగానే ముందే చెప్పేసింది.

"ఊరికే ఇచ్చిన సొమ్ము ఒక్క సెన్ను కూడా ఒల్లను. నా సేతులు కుట్టిందానికి ఎవలైనా కొని డబ్బులిస్తే తీసుకుంటాను. ముష్టి డబ్బులతో నా పిల్ల సదవక్కర్నేదు."

సరే, బొంత కుట్టారు. రెండు నెలలు పట్టింది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో గుడ్డ. నడిమధ్యన పిన్ని తెచ్చిన ముక్క పడింది. పోయిన మొగుడి కైలీ, నీలం గళ్ళది. అన్నిటికంటే గట్టిగా ఉన్న గుడ్డ అదే.

ధర దగ్గర మాత్రం ఒక పూటంతా గొడవ. మా ఇంటి ముందు చాపలేసుకుని కూర్చున్నారు. రింగిట్‌కి నూరు సెన్లు. ఒకామె ఇరవై సెన్లంది, ఒకామె యాభై పెట్టమంది. ఇంకొకామె అసలు ధరే వద్దు, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు, అలా అయితేనే ఎక్కువ వస్తుందంది. ఆ మాటకి పిన్ని చేతిలోని సూది ఆగిపోయింది. అప్పుడు మా అమ్మమ్మ, తమలపాకుకి సున్నం రాస్తూ, తల ఎత్తకుండా, పదహారు సెన్లు అంది. అందరూ నవ్వారు. పదహారేమిటి, చిల్లర ఎక్కడ తెస్తామన్నారు. మనవాళ్ళు పెళ్ళిలో నూటపదహార్లు చదివించరా, పదహారు మంచి అంకె, చిల్లర సంగతి నేను చూసుకుంటాను అంది అమ్మమ్మ. లోపలికెళ్ళి ఏళ్ళ తరబడి దాచిన రాగి సెన్ల మూట తెచ్చి చాప మీద పెట్టింది. మంచి అంకె అన్నాక ఇంకెవరు కాదంటారు? మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

టికెట్లు నా నోటుపుస్తకంలోంచి కోసినవే. బెండకాయ ముక్కని సిరాలో ముంచి ముద్ర కొట్టాం. సగం కొన్నవాళ్ళకి, వాళ్ళ పేరు రాసుకున్న సగం మాకు. ఆదివారం సాయంత్రం అయిదింటికి కోవెల ముందు డ్రా. మర్నాడు తెల్లవారుజామున అక్క బస్సు. అమ్మే పని నాకు అప్పగించి, రాగి సెన్ల మూట నా చేతికిచ్చి, ఇరవై ఇస్తే నాలుగు వెనక్కి ఇయ్యి, ఒక్కరి దగ్గర కూడా మరిచిపోకు అని రెండుసార్లు చెప్పింది అమ్మమ్మ.

మూట బరువు. దాన్ని మోసుకు తిరగడం నాకు నామోషీ కూడా. మొదటి ఇంట్లోనే చిల్లర తీయబోతే ఉంచుకోవే అన్నారు. రెండో ఇంట్లోనూ అంతే. అహా, ఇదేదో బాగుందే అనుకున్నాను. మూట తీసుకెళ్ళి మా బియ్యం డబ్బాలో దాచేశాను. తర్వాత నుంచి నేనే అడగడం మొదలుపెట్టాను. ఇరవై చేతిలో పడగానే తల కాస్త పక్కకి వంచి, "పాపం, తండ్రి నేని పిల్ల" అనేదాన్ని. మొహం ఎలా పెట్టాలో కూడా రెండు మూడు ఇళ్ళు తిరిగేసరికి వచ్చేసింది. కొట్టు నడిపే చీనా తౌకే కూడా, తీసుకోలా, చిల్లర వద్దులా అని తన యాసలో అంటూ చెయ్యి ఊపాడు. ఇక కిరాణమ్మ ఒక్క టికెట్టు తీసుకుని ఏకంగా ఒక రింగిట్ కాగితం ఇచ్చింది. మిగతాది ఆ పిల్లకి ధర్మం అని వాళ్ళమ్మకి చెప్పు అని కూడా అంది. గాల్లో తేలిపోతూ ఇంటికొచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నం వండడానికి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది అమ్మమ్మ. మూట బయటికి వచ్చింది. విప్పి చూడలేదు. ఎత్తి పట్టుకునేసరికే తెలిసిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఎసరు దించేసి, పొయ్యి ఆర్పి, నా వైపు చూస్తూ కూర్చుంది. దెబ్బలు తిన్నా అంత భయపడేదాన్ని కాదు.

ఆ సమయానికే పిన్ని వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. చేతిలో కత్తెర. నూనె కోసం కొట్టుకి వెళ్తే కిరాణమ్మ అక్కడే ఉందట. నీ కూతురు నా రింగిట్‌తో చదువుతుందిలే అని అందరి ముందు అన్నదట. పిన్ని గొంతు పెంచలేదు.

"బొంతలో నా ముక్క నాకు కోసిచ్చీయండి. డబ్బు మీరే ఉంచుకోండి. నా పిల్ల ఎక్కడికీ ఎల్లదు."

పిన్ని వెనకాల అక్క నిలబడి ఉంది. ఏడవడం లేదు. నేల చూస్తోంది. అప్పటికే ఆమె పెట్టె సర్దేసి తాడు కట్టి గోడ దగ్గర పెట్టారు, అది మా ఇంట్లోంచి కనబడుతూనే ఉంది. నేను చేసిన పని ఎక్కడికి వచ్చిందో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

అమ్మమ్మ బతిమాలలేదు. చిన్నపిల్ల తెలియక చేసింది అని నన్ను వెనకేసుకురానూ లేదు. లేచి వెళ్ళి పిన్ని చేతిలోంచి కత్తెర తీసుకుని నడుముకి దోపుకుంది.

"అయిదు గంటలకి ఒక్కడి సిల్లర మనకాడ మిగిలినా, నానే కోసి నీ సేతిలో పెడతాను. అందాకా నాతో నడు."

ముగ్గురం బయల్దేరాం. నా చేతిలో పేర్ల కాగితాలు, అమ్మమ్మ చేతిలో మూట, నాలుగడుగులు వెనకగా పిన్ని. అప్పటికి రెండు దాటింది. మబ్బు పట్టి ఉంది. మా ఎస్టేటులో ఒక లైను నుంచి ఇంకో లైనుకి వెళ్ళాలంటే కాలవలు దాటాలి, వాటి మీద కొబ్బరి దుంగలే వంతెనలు. అమ్మమ్మ మోకాళ్ళు మంచివి కావు. ఒక్కో దుంగ దగ్గర ఆగి, నా భుజం పట్టుకుని, అంగుళం అంగుళం జరిగేది. నాకేమో ఒకటే తొందర. ప్రతి ఇంటి ముందూ అదే తంతు. మీ సిల్లర, నాలుగు సెన్లు, అని నేనే చెప్పాలి, నేనే ఇవ్వాలి. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. తౌకే అయితే నాలుగు సెన్లకి ఇంత దూరమా అని ఆశ్చర్యపోయి, సొరుగులో వేసుకుని, సీసాలోంచి నాకొక పుల్లమిఠాయి తీసిచ్చాడు. అమ్మమ్మ దాన్ని నా చేతిలోంచి తీసి మళ్ళీ సీసాలో వేయించింది. లారీ డ్రైవరు ఒకడు ఇంట్లో లేడు, నది ఒడ్డున గాలం వేస్తున్నాడంటే అక్కడిదాకా నడిచాం. చినుకులు మొదలయ్యాయి.

ఆ దారిలోనే అడిగాను, ఇరవై పెట్టి ఉంటే ఈ తిప్పలన్నీ ఉండేవి కావు కదా అని. అమ్మమ్మ ఆగి ఊపిరి తీసుకుంది.

"ఇరవై అంటే నాణెం పడీసి ఎల్లిపోతారే. పదహారంటే ఆగాల. మనం సిల్లర ఎనక్కియ్యాల, ఆళ్ళు సెయ్యి సాపి తీసుకోవాల. అప్పుడది కొన్నట్టు. నేదంటే ఏసినట్టు."

అంతే చెప్పింది. మంచి అంకె అన్నది చాప మీద కూర్చున్నవాళ్ళ కోసం చెప్పిన మాట అని నాకు అప్పుడర్థమైంది. వెనకాల పిన్ని కూడా విన్నదనుకుంటాను, ఆ తర్వాత మాతో పక్కనే నడిచింది.

ఆఖరిది కిరాణీ బంగళా. నాలుగున్నర అయింది. అమ్మమ్మ కావాలనే ఆఖరికి పెట్టిందో, భయపడి పెట్టిందో తెలీదు. కిరాణమ్మ మెట్ల పైనే నిలబడి, మమ్మల్ని కింద నిలబెట్టి మాట్లాడింది. విషయం విని నవ్వింది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదంది. తీసుకోనంటే మేమేం చేస్తాం? పిన్ని అమ్మమ్మ నడుమున ఉన్న కత్తెర వైపు చూస్తోంది.

అమ్మమ్మ మాత్రం నెమ్మదిగా కొంగు ముడి విప్పి, అమ్ముడవకుండా మిగిలిన టికెట్లలోంచి అయిదు లెక్కపెట్టి తీసింది.

"ఇచ్చింది ఎనక్కియ్యడానికి కాదమ్మా వచ్చినాం. రింగిట్‌కి ఆరు టికెట్లొస్తాయి. మా గుంటకి లెక్క రాక ఒకటే ఇచ్చింది. తప్పు మాదే. ఇదిగో మిగతా అయిదూ."

కొన్నదాన్ని వద్దని ఎలా అంటుంది? కిరాణమ్మ టికెట్లు అందుకుంది. అమ్మమ్మ మూటలోంచి నాలుగు రాగి సెన్లు తీసి, ఆవిడకి ఇవ్వకుండా, పక్కకి తిరిగి పిన్ని చేతిలో పెట్టింది.

"సిల్లర నువ్వియ్యి. కుట్టినదానివి నువ్వు."

పిన్ని మెట్టెక్కింది. నాలుగేళ్ళుగా ఆ ఇంటి మెట్టు ఎక్కని మనిషి. నాణేలు పట్టుకున్న చెయ్యి ముందుకు పెట్టి నిలబడింది. కిరాణమ్మ చేతులు కట్టుకుంది. లోపల పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న కిరాణీ, పేపరు దించకుండానే, "తీసుకో, లెక్క లెక్కే కదా" అన్నాడు. అప్పుడు కిరాణమ్మ చెయ్యి చాపింది. పిన్ని ఆ అరచేతిలో ఒక్కొక్కటే నాలుగు సెన్లూ పెట్టి, "ఆరు టికెట్లకి తొంబయ్యారు, ఇది మీ సిల్లర" అంది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. కొట్టులో సరుకు తూచి ఇచ్చేవాళ్ళ గొంతు అది.

కోవెలకి పరుగెత్తాం. డ్రాలో బొంత, నది ఒడ్డున గాలం వేసిన ఆ లారీ డ్రైవరుకి వచ్చింది. కత్తెర ఆ రాత్రి అమ్మమ్మ గుడ్డల పెట్టెలోకి వెళ్ళిపోయింది. పిన్ని డబ్బు తీసుకుంది, లెక్క చూసుకుని మరీ తీసుకుంది.

ఇప్పుడు నేను బంటింగ్ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఇక్కడా మేం కొందరం ఆడవాళ్ళం వారానికొకసారి కూర్చుని బొంతలు కుడతాం. ఈమధ్య ఒకాయన వైద్యానికని లక్కీ డ్రా పెడితే, హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి పోస్టరు చేసింది. మంచి పిల్ల, చురుకైన పిల్ల. పోస్టరు నిండా మంచం మీద పడుకున్న ఆయన ఫోటో, కింద ఫోనుతో డబ్బు పంపే గుర్తు, ఎంతైనా పంపవచ్చు అని. నేను పట్టుబట్టి ఆ ఫోటో తీయించి బొంత ఫోటో పెట్టించాను, ధర వేయించాను. టికెట్లు తక్కువ పోయాయని ఆ అమ్మాయి ఇప్పటికీ సణుగుతుంది. పోయుండొచ్చు. ఆంటీకి చాదస్తం అని కూడా అనుకుంటుంది. అనుకోనీ.

చాదస్తం కాదు. అక్క వెళ్ళిన ఆ సోమవారం తెల్లవారుజామున ఒకటి జరిగింది. పెట్టె బస్సు మీదకి ఎక్కిస్తున్నారు. అక్క నన్ను పక్కకి తీసుకెళ్ళి, నా ఎత్తుకి వంగి, "అందరికీ నా గురించి ఏటని సెప్పినావు?" అని అడిగింది. తండ్రి లేని పిల్ల, పాపం, అని చెప్పానన్నాను.

"రోజూ నాతో ఆడుకుంటావు, నా సేత జడ ఏయించుకుంటావు. నీకు నాను పాపంలాగ కనిపిస్తానేటి?"

లేదని తల ఊపాను.

"మరెందుకు సెప్పినావు?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇంతలో బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు, అక్క వెళ్ళిపోయింది. చదివింది, నర్సయింది, ఈపోలోనే పనిచేసి రిటైరయింది. ఇప్పటికీ నెలకోసారి ఫోన్లో గంటసేపు మాట్లాడుకుంటాం. మోకాళ్ళ సంగతి, మనవల సంగతి, అన్నీ చెప్పుకుంటాం. ఆ ప్రశ్న ఆవిడ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. జవాబు మాత్రం నా దగ్గరే ఉంది. పాపం అన్నప్పుడల్లా వాళ్ళు నన్ను మెచ్చుకునేవారు అక్కా, నీకంటే నేనే పెద్దదాన్నయినట్టు ఉండేది. ఇన్నేళ్ళయినా ఆ మాట ఆవిడతో అనలేకపోయాను.