ఉయ్యాల పట్టికలో ఖాళీ వరస

వేల్స్ నుంచి వచ్చి లివర్‌పూల్‌లో స్థిరపడ్డ మా వెల్ష్ సంఘంలో బిడ్డ పుడితే ముందు మంత్రసానికి తెలిసేది, తర్వాత మెర్విన్ పారీకి. కన్నవాళ్లకు తీరిక చిక్కితే వాళ్లూ తెలుసుకునేవారు. బిడ్డ ఆడా మగా అని అడగకుండానే మెర్విన్ పేర్ల పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరేవాడు.

ఆయన దుకాణాల బోర్డులు రాసే మనిషి. మాంసం కొట్లకీ, మంగలి షాపులకీ, చేపల వేపుళ్ల అంగళ్లకీ నలభై ఏళ్లు ఇంగ్లీషు అక్షరాలు రాసి ఇల్లు గడుపుకున్నాడు. ఆదివారం వస్తే మాత్రం ఇంగ్లీషు అంటే మైలపడిపోయేవాడు. మా ప్రార్థన మందిరం వెనక గదిలో, టీ కప్పుల అల్మరా పక్కన ఉయ్యాల పట్టిక అని నిలువెత్తు చెక్క ఉంది. సంఘంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ, పుట్టిన ఏడాదీ దాని మీద బంగారు రంగుతో రాసేది ఆయనే. వెల్ష్ పేరైతేనే రాస్తానని షరతు. ఆ షరతు పెట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

"ట్రేసీలూ డ్యారెన్‌లూ నా కుంచెకి రావు" అనేవాడు. అదే కుంచె శుక్రవారం సాయంత్రమే 'డ్యారెన్ చేపల కొట్టు' అని మూడడుగుల అక్షరాలు రాసి వచ్చింది. కుంచె కనక నోరు మెదపలేదు.

నిజానికి వేల్స్ మాకేమంత దూరం కాదు. ఆకాశం తేటగా ఉన్నరోజు మా వీధి చివర నించుంటే కొండలు కనిపిస్తాయి. కానీ మావాళ్ల నిట్టూర్పులు వింటే ఏడు సముద్రాలు దాటొచ్చాం కాబోలు అనుకుంటారు. అందుకే బిడ్డకి పేరు పెట్టడమంటే మాకు ఊరికే పేరు పెట్టడం కాదు, పోయిన రాజ్యాన్ని తిరిగి తెచ్చుకోవడం. వేల్స్‌లోనే ఉండిపోయిన మా అక్క తన పిల్లకి కరెన్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకుని హాయిగా ఉంది.

పేరు కావాలని వచ్చినవాళ్లకి మెర్విన్ రెండు పరీక్షలు పెట్టేవాడు. మొదటిది, వెనక గుమ్మంలో నించుని, ఇంకా పుట్టని బిడ్డని ఆ పేరుతో టీకి రమ్మని అరవాలి. పక్కింటి ఇంగ్లీషువాళ్లు కర్టెన్లు జరిపి మమ్మల్ని చూడటం అలా మొదలైంది. రెండో పరీక్ష గట్టిది. ఆ పేరుగల మనిషి ఎవరూ మెర్విన్ పుట్టిన ఊళ్లో వెధవపని చేసి ఉండకూడదు.

ఒకసారి షాన్ అనే నర్సు నిండు నెలలతో వచ్చింది. టీ పోసింది నేనే కాబట్టి ఆ ముచ్చటంతా విన్నాను.

"ఒల్వెన్ ఎలా ఉంటుందండీ?" అంది.

"ఒల్వెనా? పాలల్లో నీళ్లు కలిపేది."

"పోనీ గ్వెన్లియన్?"

"మా అమ్మమ్మ గొడుగు తీసుకెళ్లింది. ఇవాళ్టికీ తేలేదు."

"మోర్విద్?"

"ఆవిడ బంగారం. వాళ్లాయనే మనిషి కాదు."

షాన్ కప్పు కింద పెట్టేసింది. "మీ ఊళ్లో మంచివాళ్లే లేరాండీ?"

"ఎందుకు లేరమ్మా? బోలెడుమంది. అందరి పేరూ జాన్."

ఇంత నిష్ఠాగరిష్ఠుడి ఒక్కగానొక్క కూతురి పేరు ఏమిటో తెలుసా? బెవర్లీ. పక్కా ఇంగ్లీషు పేరు. నవ్వుకోండి, నేను ఆగుతాను.

ఆ పిల్ల పుట్టింది యాభై ఏడులో. అప్పుడు మెర్విన్ ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు. అద్దెగది ఇచ్చిన ఇంటావిడ, "నీ పేరు పలకలేక మేం చస్తున్నాం, ఆ పిల్లనైనా బతకనివ్వు నాయనా" అందట. బళ్లో పిల్లలు ఏడిపిస్తారని ఆయనకీ భయం వేసింది. పేర్లు రాసుకునే ఆఫీసుకెళ్లి, ఏ సినిమా పత్రికలోనో చూసిన బెవర్లీ అని రాయించాడు. రాయించాడు గానీ, మందిరంలో సంఘ పెద్దల ఎదుట ఆ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ఏడాది పుట్టిన తక్కిన నలుగురి పేర్లూ రాసి, నడుమ ఒక వరస వదిలేశాడు. ఎవరడిగినా, "అక్కడ చెక్క పాడు, రంగు పట్టదు" అనేవాడు.

సండే స్కూలు బహుమతుల రోజున పిల్లల్ని పట్టికలో వరస ప్రకారం పిలవడం మా ఆచారం. పిలిచేదాన్ని నేనే. గ్విలిమ్ అయ్యాక ఖాళీ, ఆ తర్వాత రూత్. బెవర్లీ తెల్ల మేజోళ్లు వేసుకుని, పాఠాల పుస్తకమంతా కంఠతా పట్టి, చివరిదాకా కూర్చునేది. అందరూ అయ్యాక, "ఆఁ, నువ్వు కూడా రామ్మా" అనేదాన్ని. పదేళ్లు అలాగే అన్నాను. నాకేం అనిపించలేదు. అదీ నా తెలివి.

తొంభై మూడులో, ముప్పయ్యారేళ్లకి, బెవర్లీకి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు కెవిన్ బస్సు డ్రైవరు. అసలుసిసలు లివర్‌పూల్‌వాడు. వెల్ష్ పేరంటే వాడికే ఎక్కువ సరదా. మెర్విన్ ఇచ్చిన జాబితా స్టీరింగుకి అంటించుకుని ఎర్రదీపం పడ్డప్పుడల్లా వల్లించేవాడు. ప్రయాణికులు పాపం వాడికి ఒంట్లో బాగాలేదనుకున్నారు.

బెవర్లీ మాత్రం ఏ పేరుకీ సరేననలేదు. ఆఫీసువాళ్లిచ్చే గడువు ఆరు వారాలు. అయిదు అయిపోయాయి. పిల్ల ఇంకా 'బుజ్జిది' గానే ఉంది. మెర్విన్‌కి తిండి సయించడం మానేసింది. మందిరానికి వచ్చేవాళ్లం పద్నాలుగుమందిమి మిగిలాం. పట్టికలో ఆఖరి పేరు ఎక్కి ఆరేళ్లయింది. మనవరాలి పేరు అందులో చూడకుండా పోతానేమోనని ఆయన బెంగ.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే బెవర్లీ పిల్లనెత్తుకుని వెనక గదిలోకి వచ్చింది. నేను ఎండుద్రాక్షల రొట్టెకి వెన్న రాస్తున్నాను. మెర్విన్ కుంచెలు సర్దుకుంటున్నాడు. పట్టిక అడుగుదాకా నిండిపోయింది. కానీ యాభై ఏడులో, గ్విలిమ్‌కీ రూత్‌కీ నడుమ, సుద్దముక్కతో పైనొక గీత, కిందొక గీత గీసి ఉన్నాయి. అక్షరాలు వంకర పోకుండా బోర్డులు రాసేవాళ్లు ముందుగా గీసుకునే గీతలవి.

"ఏంటి నాన్నా ఇది?" అంది బెవర్లీ.

"ఇంకెక్కడా చోటు లేదమ్మా. బుజ్జిదానికి..."

"అక్కడ రంగు పట్టదన్నావుగా?"

మెర్విన్ నా వంక చూశాడు. నేను వెన్న వంక చూశాను.

"అది నా చోటు నాన్నా" అంది బెవర్లీ. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. అత్తయ్య గ్విలిమ్ అని పిలిచాక నేను ప్రతి ఏడాదీ లేవబోయి కూర్చునేదాన్ని. నా పేరు నేను పెట్టుకోలేదు, నువ్వు పెట్టావు. సిగ్గుపడింది కూడా నువ్వే. ఇప్పుడు నా చోట్లో నా కూతుర్ని కూర్చోబెడతావా?"

సంఘంలో పిల్లలంతా అత్తయ్య అనేది నన్నే. కత్తి పక్కన పెట్టాను. అంత సిగ్గు నాకు జన్మలో వేయలేదు.

"ఏమయ్యా మెర్విన్, అలా నించుంటావేం?" అన్నాను. "రంగు కలుపు."

"బెవర్లీ అనా? ఇందులోనా?" అన్నాడు.

"ముందు నాది రాయి" అంది బెవర్లీ. "తర్వాత బుజ్జిదాని సంగతి మాట్లాడదాం."

ఆయన ముక్కాలిపీట ఎక్కాడు. ఎన్ని వేల ఇంగ్లీషు అక్షరాలు రాసిన చెయ్యో! ఒక్క పేరుకి ముప్పావుగంట పట్టింది. రెండుసార్లు గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. కళ్లు కూడా అదే గుడ్డతో తుడుచుకోవడం వల్ల దిగేసరికి కనుబొమ్మ బంగారమైంది. రంగు మాత్రం ఇట్టే పట్టింది. ముప్పయ్యారేళ్లుగా పాడైన చెక్క కదా మరి.

బెవర్లీ చాలాసేపు చూసింది. పిల్లని ఆయన చేతికిచ్చింది.

"పట్టిక కింద చట్రం మీద రెండంగుళాల చోటుంది. అక్కడ రాయి. మాబ్లి."

వెల్ష్ పేరే గానీ, ఆయనిచ్చిన ఏ జాబితాలోనూ లేదు. ఎక్కడ వెతికిందో, ఎన్నాళ్లు దాచుకుందో మాకు తెలియదు. మెర్విన్ నోరు తెరిచాడు.

"మాబ్లియా? మా ఊళ్లో ఒక మాబ్లి..." అని మొదలుపెట్టాడు. కూతురి మొహం చూశాడు. చేతిలో పిల్లని చూశాడు.

"ఊఁ, ఏం చేసింది నాన్నా?"

"చాలా మంచిదమ్మా" అన్నాడు. "అంత మంచిది మా ఊళ్లోనే లేదు."

నాది వాళ్ల పక్క ఊరు. అక్కడ ఇంటింటి సంగతీ నాకు తెలుసు. మాబ్లి అనే మనిషే లేదు.